చెవి పట్టుకుంటే ఊరుకున్న గిటారు

ఆ ఆదివారం ఉదయం పళ్ళ డాక్టరు పెట్టుకున్న పని చాలా చిన్నది. కాఫీ తాగి, గిటారు మూత విప్పి, లోపలున్న ఒక కండెన్సర్‌ని తీసేసి, దాని స్థానంలో ఇంకోటి అతికించి, మూత బిగించి, స్నానానికి వెళ్ళాలి. ఆలోపు వేణ్ణీళ్ళు కాగుతాయని గీజరు స్విచ్చి కూడా వేసుకున్నాడు. పన్ను లోపల వెంట్రుకలాంటి నరాన్ని వెతికి పట్టుకునే చేతులకి, అరచేయంత గుంటలో పడి ఉన్న నాలుగు వైర్లు ఒక లెక్కా అని ఆయన ధీమా.

గిటారంటే మామూలు గిటారు కాదు, బేస్ గిటారు. తీగలు నాలుగే, కానీ ఒక్కొక్కటీ బట్టలారేసే తాడంత లావు. ఏడాదికోసారి పళ్ళ డాక్టర్ల సంఘం వార్షికోత్సవంలో ఆయన దాన్ని వాయిస్తాడు, ఆయన భార్య పాడుతుంది, వీధి చివర ఎక్స్‌రే సెంటరు నడిపే మిత్రుడు డ్రమ్ములు కొడతాడు. పోయినసారి డాక్టరు ఉత్సాహంగా ఒక తీగ మీటేసరికి బల్లల మీద చెంచాలు కదిలాయి, మొదటి వరసలో కూర్చున్న సంఘం అధ్యక్షుడి కట్టుడు పళ్ళు ఆయన ప్రమేయం లేకుండా టకటకలాడాయి. అధ్యక్షుడు ఆ అవమానాన్ని మింగలేకపోయాడు.

"ఈసారి కూడా ఆ గుడగుడ వినపడిందా, పాటలు మానిపించి ఆ టైములో నేనే దవడ ఎముక గురించి నాలుగు ముక్కలు చెబుతా," అని ప్రకటించాడు.

అధ్యక్షుడి నాలుగు ముక్కలంటే ఏమిటో సంఘంలో అందరికీ అనుభవమే. ఒకసారి ఆయన నాలుగు ముక్కలు పూర్తయ్యేసరికి హాలు కాపలాదారు తాళం వేసుకుని ఇంటికెళ్ళిపోయాడు. అందుకే వారం రోజులుగా సభ్యులు ఒకరి తర్వాత ఒకరు డాక్టరుకి ఫోన్ చేసి, "గుడగుడ సంగతి కాస్త చూడవయ్యా, మా ప్రాణాలు నీ చేతిలో ఉన్నాయి," అని బతిమాలారు. గిటారుకి శబ్దాన్ని మెత్తబరిచే టోన్ నాబ్ ఒకటుంది గానీ, అది ఎటు తిప్పినా తిప్పనట్టే ఉంటుంది. కండెన్సర్ మారిస్తే వెన్నలా పలుకుతుందని సంగీత వాయిద్యాల షాపులో ఎవరో చెప్పారు.

ఆ సాయంత్రమే జరిగే వార్షికోత్సవం ఏర్పాట్ల కోసం అప్పటికే హాలుకి బయల్దేరుతున్న భార్య గుమ్మంలో ఆగింది.

"ఏవండీ, సాయంత్రం ప్రోగ్రాం పెట్టుకుని పొద్దున్నే దాని పొట్ట కొయ్యడం ఎందుకండీ? మెల్లిగా వాయిస్తే సరిపోదూ?"

"మెల్లిగా వాయించడం వేరు, మెత్తగా పలకడం వేరు."

"'అస్సలు నొప్పుండదు' అని పేషెంట్లకి కూడా ఇలాగే నమ్మకంగా చెబుతారు మీరు," అని ఆవిడ చెప్పులేసుకుని వెళ్ళిపోయింది.

డాక్టరు భోజనాల బల్ల మీద పాత దుప్పటి పరిచి గిటారుని పడుకోబెట్టాడు. అలవాటు కొద్దీ దాని మెడ కింద పేషెంట్లకి కట్టే కాగితపు గుడ్డ పెట్టాడు. తలకి లైటు తగిలించుకున్నాడు. ఎక్స్‌రే మిత్రుడి దగ్గర అరువు తెచ్చుకున్న, వైర్లు కాల్చి అతికించే సోల్డరింగ్ రాడ్ ప్లగ్గులో పెట్టాడు. సరిగ్గా అప్పుడే మామగారు దిగారు.

దిగారంటే నిజంగానే పై అంతస్తులోంచి దిగారు. హెడ్మాస్టరుగా రిటైరైన దగ్గర్నుంచీ ఆయనకి అజమాయిషీ చెయ్యడానికి బడి లేకుండా పోయింది. దాంతో ఎవరు ఏ పని చేస్తున్నా వాళ్ళ వెనక చేతులు కట్టుకుని నిలబడి, "అలా ఎందుకు చేస్తున్నావ్?" అని అడగడం మొదలుపెట్టారు. మెట్లు తుడిచే మనిషి పని మానేసింది. రంగులేసేవాడు సగం గోడకి రంగేసి మళ్ళీ కనపడలేదు. రోజంతా వంటింట్లో వెనక నిలబడితే అత్తగారికి పిచ్చెక్కిపోయి, ఆ ఉదయం, "కిందికెళ్ళి అల్లుడికి సాయం చెయ్యకూడదూ?" అని మర్యాదగా గెంటేసింది.

"ఏమయ్యా అల్లుడూ, నాలుగే తీగలున్నాయి, మిగతావి తెంపేశావా?"

"దీనికి అంతేనండి మామయ్యగారూ."

"మరి తక్కువ తీగలున్నదానికి ఎక్కువ చప్పుడేమిటి?"

డాక్టరు స్క్రూ డ్రైవరు అందుకున్నాడు. స్క్రూలు విప్పి, నాబులున్న ఇనుప రేకుని పైకెత్తాడు. దాని అడుగున వైర్లు నూడుల్సులా చుట్టుకుని ఉన్నాయి. వాటి మధ్య గోధుమరంగు చాక్లెట్ బిళ్ళలా కండెన్సర్. రేకుని పట్టుకోవడానికి రెండు చేతులూ కావాలి, అతికించడానికి ఇంకో రెండు కావాలి. వేరే దారి లేక మామగారికే పని అప్పజెప్పాడు. మామగారి ముఖం వెలిగిపోయింది. చాలాకాలం తర్వాత ఎవరో ఆయన్ని వెనక నుంచి ముందుకి పిలిచారు.

సరిగ్గా ఇక్కడే అత్తగారు ఇంకో మంచిపని తలపెట్టింది. అధ్యక్షుడి భార్యకి దవడ పన్ను సలుపుతోంది. మొగుడే పెద్ద పళ్ళ డాక్టరు గదా అంటే, ఆయన చెయ్యి చాలా మోటని, వైద్యం చేస్తున్నంతసేపూ దవడ ఎముక గురించి చెబుతాడని ఆవిడ భయం. పొద్దున్నే వాహ్యాళికి వస్తున్నట్టు వచ్చి అత్తగారికి గోడు చెప్పుకుంటే, "మా అల్లుడి చెయ్యి పువ్వులాంటిది, పదండి చూపిస్తా," అని అత్తగారు ఆవిణ్ణి వెంటబెట్టుకుని కిందికి తీసుకొచ్చింది. తలుపు తీసే ఉంది. లోపలి గదికి కర్టెన్ వేసి ఉంది. కర్టెన్ అవతల్నుంచి మాటలు వినపడ్డాయి.

"పాతది పీకేశాను మామయ్యగారూ. మీరు గట్టిగా అదిమిపట్టుకోండి, కదలనివ్వకండి."

"పట్టుకున్నాలే. ఇంకాస్త కాల్చు, పొగ రావద్దూ?"

"ఎక్కువ కాలిస్తే లోపలున్నదంతా పోతుందండీ. అయ్యో! ఇది ఏ నరమో, ఎక్కడిదో మర్చిపోయానే!"

"ఏదో ఒకదానికి అతికించెయ్. పోతే?"

"పోతే పోయింది. పైన మూతపెట్టి స్క్రూలు బిగించేస్తే ఎవరికీ తెలీదు."

కర్టెన్ సందులోంచి పల్చటి పొగ, మాడు వాసన బయటికొచ్చాయి. అధ్యక్షుడి భార్య దవడ పట్టుకున్న చెయ్యి తీసి నోటికి అడ్డం పెట్టుకుంది. అత్తగారు, "వదినగారూ, ఒక్క నిమిషం," అనేలోపే ఆవిడ మెట్లు దిగి వీధిలో పడింది. వాహ్యాళికొచ్చిన మనిషి అంత వేగంగా తిరిగెళ్ళడం ఆ వీధివాళ్ళు ఎప్పుడూ చూడలేదు.

ఇంటికి వెళ్ళి ఆవిడ తన పన్ను సంగతి చెప్పలేదు. చెప్తే ఆయన నోరు తెరవమంటాడు. మిగతాది మాత్రం పూసగుచ్చినట్టు చెప్పింది. కొత్త కండెన్సర్ అతుక్కుని, డాక్టరు తృప్తిగా నిట్టూర్చి, మిగిలిన వైర్లు సర్దుతుండగా ఫోన్ మోగింది. చేతులు ఖాళీలేక స్పీకర్లో పెట్టాడు.

"ఏమయ్యా! ఆదివారం పూట మీ మామ చేత పేషెంటుని అదిమి పట్టించి నరాలు కాలుస్తున్నావటగా!" అధ్యక్షుడి గొంతు గది నాలుగు మూలలా కొట్టుకుంది. "సాయంత్రం అందరి ముందూ సంజాయిషీ చెప్పాలి నువ్వు. పాటలు సగానికి కోసేశాను. ఆ సగం నేను దవడ ఎముక మీద మాట్లాడతాను!"

ఇంతకాలం అవతలివాళ్ళని అదరగొట్టడమే తప్ప అదరడం ఎరగని మామగారు ఆ గర్జనకి ఉలిక్కిపడ్డారు. చేతిలో ఉన్న రేకుని ఒక్క గుంజు గుంజారు. రేకుతోపాటు సన్నటి నల్ల వైరు ఒకటి సాగి, టప్పున తెగి, దాని రెండో కొస చెక్కలో ఉన్న సూదిబెజ్జంలాంటి కన్నంలోకి ఎలకతోకలా జారిపోయింది.

"అదేంటండీ?"

"ఏదీ?" అన్నారు మామగారు, బడి కిటికీ అద్దం పగలగొట్టిన పిల్లాడిలా.

డాక్టరు పంటి అద్దం పెట్టి కన్నంలోకి చూశాడు. చీకటి తప్ప ఏమీ కనపడలేదు. పొడుగు చిమటా పెట్టి కెలికాడు. చెక్కపొట్టు వచ్చింది. ఇంతలో స్నానాలగదిలో నీళ్ళు కాగీకాగీ గీజరు బుసలు కొట్టడం మొదలుపెట్టింది. దాన్ని ఆపడానికి పరుగెత్తిపోయి తిరిగొచ్చేసరికి, సాయం పూర్తి చేద్దామని మామగారు మూతపెట్టి స్క్రూలు కూడా బిగించేశారు. ఇక చేసేదేమీ లేదు. తీగ మీటితే మోగింది. మోగింది కాబట్టి బాగానే ఉండి ఉంటుందని డాక్టరు తనకి తాను చెప్పుకున్నాడు. స్పీకరు పెట్టె అప్పటికే వార్షికోత్సవం హాల్లో ఉంది కాబట్టి అంతకంటే పరీక్షించే వీలు కూడా లేదు.

సాయంత్రం హాలు నిండిపోయింది. పాటలు సగమే అన్న కబురు అప్పటికే పాకి, సభ్యులందరూ ఆపరేషన్ గది బయట బంధువుల్లా కూర్చుని ఉన్నారు. అధ్యక్షుడు వేదిక వెనకే డాక్టర్ని పట్టుకున్నాడు.

"ఎవరయ్యా ఆ పేషెంటు? ఎక్కడ?"

డాక్టరు గిటారు చూపించాడు. "ఇదేనండి."

"మూతపెట్టి స్క్రూలు బిగిస్తే ఎవరికీ తెలీదన్నావట?"

"అన్నానండి. దీన్ని గురించే."

అధ్యక్షుడు గిటారుని ఎగాదిగా చూశాడు. పేషెంటు చెక్కతో చేసిందని తేలాక సంజాయిషీకి అర్థం లేదు గానీ, తెచ్చుకున్న దవడ బొమ్మలకి అర్థం ఉంది. "సరే, అది వదిలెయ్. నా ఉపన్యాసం మాత్రం ఉంటుంది. తెర మీద బొమ్మలు వేసే మిషను కూడా పెట్టించేశాను," అని వెళ్ళి మొదటి వరసలో కూర్చున్నాడు. పక్కనే ఆయన భార్య, వాచిన దవడ మీదుగా కొంగు లాక్కుని, డాక్టరు వంక చూడకుండా కూర్చుంది.

ఎక్స్‌రే మిత్రుడు గిటారుని స్పీకరు పెట్టెకి కలిపాడు. భోఁ... అని ఒకటే మోత. వాయించడానికి ముందే. పది తేనెపట్లు ఒక్కసారి కదిలినట్టుంది. డాక్టరు ఒక నాబు తిప్పాడు, మోత తగ్గలేదు. రెండోది, మూడోది కూడా తిప్పాడు, తగ్గలేదు. ఉదయం దాకా టోన్ నాబ్ ఒక్కటే పనిచేసేది కాదు. ఆయన చేతి చలవ వల్ల ఇప్పుడు మూడూ పనిచెయ్యడం లేదు.

"ఎర్తు వైరు తెగినట్టుంది," అన్నాడు ఎక్స్‌రే మిత్రుడు చెవి దగ్గర అరుస్తూ. "తీగల నుంచి ఈ రేకుకి సన్నటి నల్ల వైరు ఒకటి ఉండాలి."

డాక్టరు వేదిక పక్క మెట్ల దగ్గర నిలబడ్డ మామగారి వంక చూశాడు. మామగారు పైకప్పు వంక చూశారు.

"ఇప్పుడేం చెయ్యను?"

"రేకుని ఎవరైనా ముట్టుకుంటే తగ్గుద్ది. నీ ఒంటిని కూడా ముట్టుకోవాలి. చొక్కా మీద నుంచి కాదు, చర్మానికి తగలాలి. నీకు రెండు చేతులూ తీగల మీద కావాలి, నేను డ్రమ్ములు వదలకూడదు, మీ ఆవిడ మైకు..."

అతని మాట పూర్తికాకముందే మామగారు మెట్లెక్కి వేదిక మీదికి వచ్చేశారు. ఒక చేత్తో రేకు నొక్కిపట్టారు. రెండో చెయ్యి ఎక్కడ పెట్టాలో క్షణం వెతికి, జీవితమంతా అలవాటైన చోటనే పెట్టారు. అల్లుడి కుడి చెవి పట్టుకున్నారు. మోత టక్కున ఆగిపోయింది.

తెర లేచింది. హాల్లో వాళ్ళకి కనపడిన దృశ్యం ఇదీ: ఒకావిడ మైకు పట్టుకుని పాడుతోంది. వెనక ఒకాయన డ్రమ్ములు కొడుతున్నాడు. మధ్యలో పేరున్న పళ్ళ డాక్టరు మెడ పక్కకి వంచి గిటారు వాయిస్తున్నాడు, ఒక పెద్దమనిషి గంభీరంగా ఆయన చెవి పట్టుకుని నిలబడ్డాడు. సభ్యులు మొదట ఒకరి ముఖాలొకరు చూసుకున్నారు. తర్వాత ఎవరో, "మామగారటలే," అనగానే అందరికీ సబబుగానే తోచింది.

పాట వెన్నలా సాగింది. చెంచా కదల్లేదు, కట్టుడు పన్ను కదల్లేదు. మొదటి పాట అయ్యాక ఎక్స్‌రే మిత్రుడు ఎక్కడి నుంచో ఒక ముక్క వైరు పట్టుకొచ్చి, "దీన్ని తీగకీ రేకుకీ చుట్టేద్దాం, పెద్దాయనకెందుకు శ్రమ," అన్నాడు.

"నేనుండగా వైరెందుకయ్యా?" అన్నారు మామగారు. చెవి మీద పట్టు ఇంకొంచెం బిగిసింది. ఆ గొంతులో ఏముందో గానీ, ఆయన కూతురు మైకు పక్కకి పెట్టి ఒక్క నిమిషం తండ్రి వంకే చూసింది. తర్వాత ఎక్స్‌రే ఆయన చేతిలో వైరు తీసుకుని జడకి చుట్టేసుకుంది.

పాటలు అయిపోయాయి. అధ్యక్షుడు లేచాడు. "మీరు అక్కడే ఉండండి, నాలుగు ముక్కలే, చివర్లో ఇంకో పాట," అని వాళ్ళని వేదిక మీదే ఆపి, మైకు ముందు నిలబడి గొంతు సవరించుకున్నాడు. హాలంతా కుర్చీల్లో కిందికి జారింది.

"దవడ ఎముక అనగా..."

మామగారికి తెర మీది బొమ్మ సరిగ్గా ఆనలేదు. జేబులో కళ్ళజోడు తీసుకోడానికి చెవి వదిలారు.

భోఁ...

అధ్యక్షుడి పెదాలు కదులుతున్నాయి, మాట వినపడటం లేదు. వెనక వరసల్లో ఎవరో ఒకరు చప్పట్లు కొట్టారు. అది చూసి ఇంకొకరు. ఎక్స్‌రే మిత్రుడు కంగారుగా గిటారు తాడు లాగెయ్యబోయాడు. రెండో వరస మొత్తం ఒక్కసారిగా అడ్డంగా తలలూపింది. ఆ కళ్ళలోని వేడుకోలు చూసి అతను చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

మామగారు కళ్ళజోడు పెట్టుకుని మళ్ళీ చెవి పట్టుకున్నారు. నిశ్శబ్దం. "...అందుచేత కింది దవడ," అన్నాడు అధ్యక్షుడు. మామగారికి నిజంగానే సందేహం వచ్చింది. ఎన్నో ఏళ్ళు పిల్లల్ని చెయ్యెత్తి అడగమన్న మనిషి, తాను చెయ్యెత్తకుండా ఎలా అడుగుతాడు? ఎత్తారు. భోఁ... ఆయన అడిగిందీ ఎవరికీ వినపడలేదు, అధ్యక్షుడు ఇచ్చిన జవాబూ వినపడలేదు. ఇద్దరికీ తృప్తి కలిగాక చెయ్యి చెవి మీదికి దిగింది. హాలు దద్దరిల్లేలా చప్పట్లు.

ఆ తర్వాత మామగారికి సందేహాలు ధారాళంగా వచ్చాయి. పై దవడ మీద ఒకటి, కీలు మీద రెండు. ప్రతి సందేహానికీ చప్పట్లు పెరిగాయి. అందరికంటే ఎక్కువ కొడుతున్నది మొదటి వరసలో అధ్యక్షుడి భార్య. ఆ ఉపన్యాసం ఇంట్లో రోజూ అన్నంతోపాటు వింటున్న మనిషి ఆవిడ. ఆ జోరులో కొంగు జారి వాచిన దవడ బయటపడిన సంగతి కూడా చూసుకోలేదు. చివరికి అధ్యక్షుడు ఉక్కిరిబిక్కిరై, "మిగతాది వచ్చే ఏడాది," అని దణ్ణం పెట్టి దిగిపోయాడు. జనం లేచి నిలబడి చప్పట్లు కొట్టారు.

ఇంకో పాట సంగతి ఎవరికీ గుర్తులేదు, డాక్టరు గబగబా గిటారు తాడు పీకేశాడు. ఎర్రగా కందిన చెవి తడుముకుంటూ గిటారు పెట్టెలో పెడుతుంటే, అధ్యక్షుడు నేరుగా తనవైపే రావడం చూశాడు. సంఘం నుంచి తన పేరు కొట్టేస్తాడనే అనుకున్నాడు. మామగారు అడ్డంగా వచ్చి, "తప్పు నాదండీ, ఆ వైరు నేనే తెంపాను," అన్నారు. పొద్దుటి నుంచీ దాచుకున్న మాట అది.

అధ్యక్షుడు వినిపించుకునే స్థితిలో లేడు. కళ్ళు చెమ్మగిల్లి ఉన్నాయి. డాక్టరు చెయ్యి పట్టుకున్నాడు.

"చూశావటయ్యా జనాన్ని! ఇన్నేళ్ళుగా మాట్లాడుతున్నా, మధ్యమధ్య ఆపి మరీ చప్పట్లు కొట్టడం ఎప్పుడైనా ఎరుగుదునా? మా ఆవిడ కూడా కొట్టిందయ్యా! నా మాట వెనక ఆ శ్రుతి ఉంది చూడు, దాని మహిమ ఇదంతా. పోయినేడు దాన్ని గుడగుడ అన్నది నా అజ్ఞానం. వచ్చే ఏడాది పాటలు తగ్గించినా పర్లేదు, ఆ శ్రుతి మాత్రం ఉండి తీరాలి." తర్వాత మామగారి వైపు తిరిగాడు. "మీ ప్రశ్నలు అమోఘం. మీరు తప్పకుండా రావాలి."

మామగారు కండువా సర్దుకున్నారు. దారి పొడుగునా ఆయన ముందు నడిచారు, మిగతావాళ్ళు వెనక నడిచారు.

మర్నాడు డాక్టరు నల్ల వైరు అతికిద్దామని మళ్ళీ సోల్డరింగ్ రాడ్ తీశాడు. ఎప్పుడొచ్చిందో అత్తగారు వచ్చి ప్లగ్గు పీకేసింది.

"నీకు పుణ్యం ఉంటుంది నాయనా, దాని జోలికెళ్ళకు. మీ మామ పొద్దుట్నుంచీ గదిలో కూర్చుని వచ్చే ఏడాదికి సందేహాలు రాసుకుంటున్నారు. రిటైరయ్యాక మొదటిసారి నేను ఒంటరిగా వంట చేసుకున్నాను."

మరుసటి ఏడాది ఆహ్వానపత్రంలో గిటారు వాయించేది ఎవరో వెయ్యడం మర్చిపోయారు గానీ, చెవి పట్టుకునేది ఎవరో మాత్రం పెద్దక్షరాల్లో వేశారు.